మంచె మీద పేలే తూటా: వెయ్యి డాలర్లలో మొదటి సప్రెసర్ ఎంపిక

2025 డిసెంబరు రెండో వారంలో, డాలస్ శివార్లలో నేను పనిచేసే తుపాకుల దుకాణానికి ఒక పెద్దమనిషి వచ్చారు. వయసు యాభై ఆరు. అమెరికా పౌరసత్వం ఉంది, సొంతూరు గుంటూరు జిల్లా. నా చొక్కా మీద పేరు చూడగానే తెలుగులోకి దిగారు.

"ఒక్క సైలెన్సర్ కొంటానండీ. నా నాలుగు తుపాకులకూ అదే సరిపోవాలి. వెయ్యి డాలర్లు దాటకూడదు."

జేబులోంచి మడత పెట్టిన కాగితం తీశారు. అందులో ఒక పెద్ద సప్రెసర్ పేరు రాసుకున్నారు. సైలెన్సర్‌నే మేం సప్రెసర్ అంటాం, తుపాకీ గొట్టం మూతికి బిగించి పేలుడు చప్పుడు తగ్గించే పరికరం. .45 (అంగుళంలో 0.45 వంతు మందం) తూటా కూడా దూరిపోయేంత రంధ్రం దానిది, రైఫిలు ఒత్తిడినీ తట్టుకుంటుంది, ధర దాదాపు వెయ్యి. స్నేహితులంతా అదే కొనమన్నారట.

ఆ సలహా పాతబడింది, కానీ తప్పుడు సలహా కాదు. అమెరికాలో 1934 నాటి నేషనల్ ఫైర్‌ఆర్మ్స్ యాక్ట్ ప్రకారం సప్రెసర్ కొన్న ప్రతిసారీ 200 డాలర్ల పన్ను కట్టాల్సి వచ్చేది. ఆ రోజుల్లో అది సప్రెసర్ ధరకు ఎన్నో రెట్లు. తొంభై ఏళ్లు దాటినా ఆ అంకె కదలలేదు. రెండు కొంటే 400 డాలర్లు పన్నుకే పోతాయి కాబట్టి, ఎక్కువ ధర పెట్టయినా అన్నింటికీ పనికొచ్చే ఒక్కటి కొనుక్కోమని మేమే చెప్పేవాళ్లం. 2025 జులైలో వచ్చిన చట్టంతో 2026 జనవరి 1 నుంచి సప్రెసర్ల మీద ఈ పన్ను సున్నా అయింది. రిజిస్ట్రేషన్, వేలిముద్రలు, ఏటీఎఫ్ (తుపాకుల వ్యవహారాలు చూసే ఫెడరల్ సంస్థ) అనుమతి మాత్రం అలాగే ఉన్నాయి. పన్ను పోగానే లెక్క తిరగబడింది. అన్నింటికీ అంతంతమాత్రంగా పనిచేసే ఒక్క బరువైన సప్రెసర్ కంటే, ఏ పనికి ఆ పని చేసే చవకైనవి రెండు మేలు. ఇంకో మూడు వారాలు ఆగి జనవరిలో దరఖాస్తు పెట్టమన్నాను. ఆ రోజు మొదట్లో ఆయనకు నేనిచ్చిన సలహాల్లో నిలబడింది ఇదొక్కటే.

ఆయన తుపాకులు ఇవి: .22 లాంగ్ రైఫిల్ తూటాలు కాల్చే సెమీ ఆటోమేటిక్ రైఫిలు, 9 ఎంఎం పిస్టలు, పదహారు అంగుళాల గొట్టంతో 5.56 ఏఆర్-15 రైఫిలు, ఇరవై అంగుళాల గొట్టంతో .308 బోల్ట్ యాక్షన్ (ప్రతి తూటాకూ చేత్తో బోల్టు లాగే) రైఫిలు. కొత్తవాళ్లను నేను ఎప్పుడూ అడిగే ప్రశ్నే ఆయననూ అడిగాను: ఏడాదికి దేంట్లో ఎన్ని తూటాలు కాలుస్తారు? .22లో రెండు వేలకు పైగా. 9 ఎంఎంలో అయిదారు వందలు. ఏఆర్‌లో రెండొందలు. .308లో మహా అయితే ఇరవై, అదీ అడవి పందుల మీద.

ఇంకేముంది, అలవాటైన జవాబు నోటికి వచ్చేసింది. ".22 సప్రెసర్ తీసుకోండి. రెండు వందల యాభై డాలర్లలో వస్తుంది, ఎక్కువగా కాల్చేది అదే." అద్దాల బల్లలోంచి తీసి చేతిలో పెట్టాను. అల్యూమినియంది, అరచేతిలో తేలిపోతుంది. ఆయనకూ నచ్చింది. అప్పటివరకు కుర్చీలో కూర్చుని ఫోను చూసుకుంటున్న వాళ్లావిడ తలెత్తి, "ముందు ఆయన చెవుల సంగతి అడగండి అన్నయ్య గారూ. వంటింట్లోంచి మూడుసార్లు పిలిస్తేగాని పలకరు" అన్నారు.

అప్పుడు అడిగాను. ఆయనకు రెండేళ్లుగా ఎడమ చెవిలో కీచురాళ్ల రొద లాంటి మోత. రాత్రి పడుకున్నాక మరీ ఎక్కువ. కుడిచేతి వాటంతో రైఫిలు కాల్చేవారికి సాధారణంగా ఎడమ చెవే ముందు దెబ్బ తింటుంది. గొట్టం మూతికి అదే దగ్గర, కుడి చెవికి తల నీడ దొరుకుతుంది.

"రేంజిలో చెవి రక్షణ పెట్టుకుంటారా?"

"ఎప్పుడూ పెట్టుకుంటానండీ. అక్కడ ఊరుకోరు కదా."

"మరి పందుల దగ్గర?"

ఆయన వాళ్లావిడ వైపు చూసి ఊరుకున్నారు.

టెక్సస్‌లో అడవి పందుల బెడద మన పల్లెల్లో మొక్కజొన్న, వేరుశనగ రైతులు పడే బెడద లాంటిదే. ఒక్క రాత్రిలో మడి మడి తవ్వి పోస్తాయి. ఈయనకు తెలిసిన ఒక రైతు పొలంలో, చెట్టును ఆనించి కట్టిన స్టాండు మీద కూర్చుని కాస్తారు. "చిన్నప్పుడు మా నాన్నతో మంచె మీద కూర్చుని డబ్బా వాయించేవాణ్ని. ఇప్పుడు ఇక్కడి మంచె ఎక్కుతున్నాను" అని నవ్వారు. మంచె మీద ఆయన చెవులకు ఏమీ పెట్టుకోరు, ఎందుకంటే పందుల రాక ముందు వినిపిస్తుంది, తర్వాతే కనిపిస్తుంది. చుట్టుపక్కల చప్పుళ్లు వినిపించనిచ్చి పేలుడును మాత్రం ఆపే ఎలక్ట్రానిక్ ఇయర్ మఫ్‌లు అరవై డాలర్లకే దొరుకుతాయి. నిజానికి ఇలాంటివారికి నేను మొదట చెప్పవలసింది అవే. ఆయన దగ్గర అవీ ఉన్నాయి. చెంప రైఫిలు కట్టెకు ఆనించగానే మఫ్ పక్కకు జరుగుతోందని, చెమట పడుతోందని తీసి పక్కన పెడుతున్నారు. వస్తువు దొరకక కాదు, పెట్టుకోక వచ్చిన చిక్కు.

అంటే ఏడాదికి రెండు వేలు కాల్చే .22 ఆయన చెవులకు పెద్దగా హాని చేయడం లేదు, ఎందుకంటే రక్షణ ఉంది. ఏడాదికి ఇరవై కాల్చే .308 చేస్తోంది. తూటా శబ్దం గరిష్ఠంగా 140 డెసిబెల్స్ దాటితే ఒక్క దెబ్బకే లోచెవిలో శబ్దాన్ని పట్టే కేశకణాలు చచ్చిపోవచ్చు. చచ్చినవి మళ్లీ పుట్టవు. .308 మూతి దగ్గర శబ్దం 165 పైనే. నేను అడగవలసింది ఎన్ని తూటాలని కాదు, చెవులు తెరిచి కాల్చే తూటా ఏదని. పన్నెండేళ్లుగా ఈ కౌంటరు వెనక నిలబడుతున్నాను. ఈ ప్రశ్నను మొదటి ప్రశ్నగా మార్చుకున్నది మాత్రం ఆ రోజే.

.22 సప్రెసర్‌ను మళ్లీ అద్దాల బల్లలో పెట్టేశాను.

అప్పుడు ఆయన, "సినిమాల్లో లాగా తుస్సుమంటుందా?" అని అడిగారు. ప్రతి ఒక్కరూ అడుగుతారు. అనదు. కుక్కర్‌లో ఆవిరి నిండి ఉండగా మూత ఒక్కసారిగా ఊడితే బాంబులా పేలుతుంది, అదే ఆవిరిని కొద్దికొద్దిగా వదిలితే బుస్సుమంటుంది. తూటా వెనక వచ్చే వేడి వాయువును సప్రెసర్ లోపలి గదులు అలాగే పట్టి, వ్యాకోచింపజేసి, చల్లబరిచి, మెల్లగా వదులుతాయి. మోటారు బండి సైలెన్సర్ చేసే పనీ ఇదే. 1909లో తుపాకీ సైలెన్సర్‌కు పేటెంటు తీసుకున్న హైరమ్ పర్సీ మాక్సిమ్ ఇంజిన్ల చప్పుడు తగ్గించే పరికరాల మీదా పనిచేశాడు. మెషీన్ గన్ కనిపెట్టిన మాక్సిమ్ కొడుకే ఇతను. తండ్రి మోత పెంచితే కొడుకు తగ్గించాడు.

మంచి సప్రెసర్ 20 నుంచి 35 డెసిబెల్స్ తగ్గిస్తుంది. .308 శబ్దం 140కి అటూ ఇటూ వచ్చి ఆగుతుంది. అది నిశ్శబ్దమేమీ కాదు. పైగా తూటా సెకనుకు దాదాపు 820 మీటర్ల వేగంతో పోతుంది, శబ్దం వేగం 343. ఆ తేడా వల్ల గాలిలో పుట్టే కొరడా దెబ్బ లాంటి చప్పుడును ఏ సప్రెసరూ ఆపలేదు. అందుకే సప్రెసర్ ఉన్నా కనీసం మెత్తటి ఇయర్ ప్లగ్గులు పెట్టుకోమని చెప్పాను. మరిచిపోయిన రోజున దెబ్బ చిన్నదవుతుంది, అంతవరకే హామీ. ఫోనులో డెసిబెల్ యాప్ పెట్టి తేడా చూస్తానన్నారు, వద్దన్నాను. తుపాకీ పేలుడు శిఖరం మిల్లీసెకనులో వచ్చి పోతుంది, ఫోను మైకుకు అందదు. తుపాకీ ఏదైనా యాప్ చూపించే అంకె ఇంచుమించు ఒకటే.

ఇక .308 సప్రెసర్ కొంటే మిగతా మూడింటిలో దేనికి తగిలించవచ్చు? ఈ దగ్గరే కొత్తవాళ్లు ప్రమాదంలో పడతారు. కాబట్టి కాస్త నిదానంగా చెబుతాను.

.308 తూటా మందం 7.82 మిల్లీమీటర్లు. 5.56ది, .22ది రమారమి 5.7. 9 ఎంఎం పిస్టలు తూటాది 9. చిన్న తూటా పెద్ద రంధ్రంలోంచి పోతుంది. శబ్దం కొద్దిగా ఎక్కువ వస్తుంది, అంతే. పెద్ద తూటా చిన్న రంధ్రంలో దూరబోతే సప్రెసర్ ముక్కలవుతుంది, చేతులూ ముఖమూ దగ్గరే ఉంటాయి. రెండోది ఒత్తిడి. తుపాకీలో తూటా కూర్చునే గదిలో .308 గరిష్ఠ ఒత్తిడి 62,000 పీఎస్ఐ (చదరపు అంగుళానికి పౌండ్లు), 9 ఎంఎంది 35,000, .22ది 24,000. పిస్టలు కోసం చేసిన సప్రెసర్ రంధ్రం రైఫిలు తూటాకు చాలినా గోడలు ఆగకపోవచ్చు. తయారీదారు ఏ క్యాలిబర్‌కు (తూటా మందానికి), ఎంత పొడవు గొట్టానికి తక్కువ కాకుండా వాడమన్నాడో అది కాగితం మీద ఉంటుంది. అదే ప్రమాణం.

మూడోది సప్రెసర్‌ను బిగించే మర. అమెరికాలో .22, 5.56, 9 ఎంఎం తుపాకులన్నింటి మూతికీ సాధారణంగా ఒకే మర ఉంటుంది: అర అంగుళం మందం, అంగుళానికి 28 చుట్లు. అంటే 5.56 సప్రెసర్ 9 ఎంఎం గొట్టానికి ఏ అడ్డూ లేకుండా చక్కగా బిగుసుకుంటుంది. మర కుదిరిందని తూటా కుదరదు. ఈ మాట కౌంటరు మీద రెండింటినీ పక్కపక్కన పెట్టి, 9 ఎంఎం తూటాను 5.56 సప్రెసర్ మూతికి ఆనించి చూపిస్తాను. తూటా అంచు మీదే ఆగిపోతుంది. ఆయన దాన్ని రెండుసార్లు తానే ఆనించి చూసుకున్నారు. .308కి మర వేరు, 5/8 అంగుళం మందం, 24 చుట్లు. కాబట్టి ఏఆర్ మీద వాడాలంటే సప్రెసర్ వెనక, తుపాకీ గొట్టానికి బిగుసుకునే కప్పు మార్చుకోవాలి. ఇప్పుడు చాలామంది తయారీదారులు వెనక భాగానికి 1.375 అంగుళాల మందం, 24 చుట్ల మర పెట్టి దాన్నే ఉమ్మడి కొలతగా పాటిస్తున్నారు, డెబ్బై డాలర్లకు మరో కప్పు దొరుకుతుంది.

"అదే కప్పుతో .22 మీదా పెట్టుకోవచ్చుగా?" మర కుదురుతుంది, తూటా పోతుంది, ఒత్తిడి సమస్యే కాదు. అయినా వద్దు. .22 తూటా ఎక్కువగా ఒట్టి సీసం, మైనం పూత. లోపల మసి, సీసం పేరుకుపోతాయి. .22 సప్రెసర్లను విప్పి కడుక్కునేలా చేసేది అందుకే. రైఫిలు సప్రెసర్లు ఎక్కువగా వెల్డింగ్ చేసి మూసేసినవి. రెండు వేల .22 తూటాలు దాంట్లో కాల్చాక తక్కెడలో పెడితే బరువు పెరిగి ఉంటుంది, తీసే దారి ఉండదు.

పిస్టలును మాత్రం లెక్కలోంచి తీసేయమన్నాను. కాల్చిన ప్రతిసారీ గొట్టం వాలే రకం పిస్టలుకు సప్రెసర్ బరువు తగిలిస్తే అది తిరిగి తూటా ఎక్కించుకోలేదు. బరువును క్షణకాలం విడదీసే స్ప్రింగు బూస్టర్ కావాలి. మర ఉన్న గొట్టం విడిగా కొనాలి. సప్రెసర్ అడ్డు రాకుండా ఎత్తైన గురికళ్లు కావాలి. సప్రెసర్ ధర పక్కన పెడితే ఈ మూడింటికే మూడు వందలు దాటుతుంది. పడగ్గది పిస్టలుకు అంత ఖర్చు ఎందుకని నా అభిప్రాయం. దుకాణం యజమాని వింటే ఏమంటాడో గాని.

చివరికి తేలింది ఇది. స్టెయిన్‌లెస్ స్టీలుతో చేసిన, .30 క్యాలిబర్ (.308 తూటా ఇందులోకే వస్తుంది) రంధ్రం ఉన్న, అర కిలో బరువు, ఏడున్నర అంగుళాల పొడవున్న మూసిన సప్రెసర్: 480 డాలర్లు. టైటానియం అయితే బరువు బాగా తగ్గుతుంది, వేటకు అదే సుఖం, కాని ఇంకో మూడు వందలు. స్టాండు మీద రైఫిలును కమ్మీకి ఆనించే కాలుస్తారు కాబట్టి బరువు ఓర్చుకోవచ్చని తేల్చాం. ఏఆర్ కోసం కప్పు 70. .22కి నేను మొదట చూపించిన అల్యూమినియం సప్రెసర్ 240. అమ్మకం పన్ను 8.25 శాతం కలిపితే మొత్తం 855. పాత పన్ను ఉండి ఉంటే ఈ రెండూ 1,255 అయ్యేవి.

ఆయన ఫోనులో ఇంకొకటి చూపించారు. తుపాకీ కడిగే ద్రావకం పట్టుకునే గొట్టమట, అరవై డాలర్లు, "దీనికి చివర రంధ్రం వేసుకుంటే చాలంటున్నారండీ." ఏటీఎఫ్ ముందస్తు అనుమతి లేకుండా ఆ రంధ్రం వేయడమే నేరం, పదేళ్ల వరకు జైలు పడవచ్చు. ఫోను ఆయన చేతికి తిరిగి ఇచ్చేశాను.

కాగితాల పని గురించి ఎక్కువ చెప్పడానికి లేదు. ఫారం 4 అనే ఏటీఎఫ్ దరఖాస్తు, వేలిముద్రలు, ఫోటో, స్థానిక పోలీసు అధికారికి ఒక నకలు. అన్నీ దుకాణంలోనే అయ్యాయి. ఒక నిర్ణయం మాత్రం ఆలోచించి తీసుకోవాలి: సొంత పేరు మీదా, ట్రస్టు పేరు మీదా. సొంత పేరు మీద ఉంటే ఆయన పక్కన ఉన్నప్పుడే ఇతరులు వాడవచ్చు. ఇంట్లో బీరువా తాళాలు ఇద్దరి దగ్గరా ఉంటాయి కాబట్టి భార్యాభర్తలిద్దరూ సభ్యులుగా ట్రస్టు పెట్టించాను. దానికి ఆవిడ వేలిముద్రలు కూడా ఇచ్చారు, "చివరికి నన్నూ ఇందులోకి లాగారు" అంటూ.

మనవాళ్లకు ప్రత్యేకంగా చెప్పవలసినవి రెండున్నాయి. న్యూజెర్సీలోని ఎడిసన్‌లో ఉండే బావమరిదికి చూపిస్తానని కారులో వేసుకుని బయలుదేరవద్దు. న్యూజెర్సీ, న్యూయార్క్, కాలిఫోర్నియా, ఇల్లినాయ్, మసాచుసెట్స్, డెలవేర్, రోడ్ ఐలండ్, హవాయి రాష్ట్రాల్లో సాధారణ పౌరుల దగ్గర సప్రెసర్ ఉండటం నేరం. ఇండియాకు తీసుకుపోవడం గురించి అసలు ఆలోచించనే వద్దు. రెండోది వీసా సంగతి. ఫెడరల్ చట్టంలో సప్రెసర్ కూడా తుపాకీ కిందే లెక్క. హెచ్-1బీ లాంటి వీసా మీద ఉన్నవారు తుపాకీ దగ్గర ఉంచుకోకూడదు. వేట లైసెన్సు ఉంటే మినహాయింపు ఉంది. ఇక్కడే మెలిక. టెక్సస్‌లో 2019 నుంచి ప్రైవేటు పొలంలో యజమాని అనుమతితో అడవి పందిని కొట్టడానికి రాష్ట్ర లైసెన్సు అక్కర్లేదు. ఆ మాట విని లైసెన్సు తీసుకోకుండా మేనమామ రైఫిలు పట్టుకున్న హెచ్-1బీ కుర్రవాడు పందుల చట్టం తప్పలేదు గాని, ఫెడరల్ చట్టం తప్పాడు. ఈయన మేనల్లుడు సరిగ్గా ఆ స్థితిలోనే ఉన్నాడు. లైసెన్సు తీసుకుని, వకీలును ఒక మాట అడిగి అప్పుడు రమ్మన్నాను. గ్రీన్ కార్డు ఉన్నవారికి ఈ బెడద లేదు.

జనవరి మొదటి వారంలో దరఖాస్తులు పెట్టాం. .30 సప్రెసర్‌కు అయిదు వారాల్లో అనుమతి వచ్చింది. రైఫిలు తీసుకుని రమ్మన్నాను, నా చేతులతో బిగించి పంపుదామని.

అసలు పని అప్పుడు పడింది. సప్రెసర్ బిగించి, తూటా పోయే దారిలో నిటారైన ఉక్కు కడ్డీ దూర్చి చూస్తాం. కడ్డీ కొన సప్రెసర్ మూతి రంధ్రంలో నట్టనడుమ కనిపించాలి. బల్ల దీపం కింద చూశాను. కింది వైపు నెలవంకలా సన్నటి వెలుగు, పై వైపు కడ్డీ అంచుకు దాదాపు తగులుతోంది. సప్రెసర్ తీసి, తుడిచి, మళ్లీ బిగించాను. అదే నెలవంక, అదే చోట. వేరే సప్రెసర్ పెట్టి చూశాను, అదీ అంతే. లోపం గొట్టానిదే. ఆ రైఫిలుకు మొదట్లో మర లేదట. ఆయన రెండేళ్ల కిందట ఎవరో మెకానిక్ దగ్గర చవకగా మర వేయించుకున్నారు. అతను గొట్టం బయటి అంచును ఆధారం చేసుకుని కోశాడు, లోపలి రంధ్రాన్ని కాదు. ఆ రెండూ ఒకే కేంద్రం మీద ఉండాలని లేదు. మూతి దగ్గర వెంట్రుకవాసి వంకర ఏడున్నర అంగుళాల అవతల పెద్ద వంకరవుతుంది. తూటా లోపలి పలకను తాకితే సప్రెసర్ పోయినట్టే, అప్పుడు తూటా ఎటు పోతుందో చెప్పలేం.

"కాల్చి చూద్దామా, తగలకపోవచ్చుగా?" అన్నారు. ఇవ్వనన్నాను. మరను మళ్లీ కోయించడానికి 120 డాలర్లు, రెండు వారాలు. ఆయన ముఖం చిన్నబోయింది గాని, వాళ్లావిడ కడ్డీ కొన చూసి, "తీసుకెళ్లి కోయించండి" అన్నారు. దాంతో మొత్తం 975 అయింది. మర ఉన్న రైఫిలు అనగానే సరే అనుకుని, డిసెంబరులోనే గొట్టం చూడకపోవడం నా పొరపాటు. ఇప్పుడు కడ్డీ పరీక్ష అయ్యాకే ధర చెబుతున్నాను.

మార్చిలో రేంజిలో కలిశాం. సప్రెసర్ బరువుకు గొట్టం కంపించే తీరు మారుతుంది కాబట్టి గురి కూడా మారుతుంది. వంద గజాల దగ్గర రెండంగుళాలు కిందికి పడ్డాయి. గురి సరిచేసుకున్నారు. ప్రతి అయిదు తూటాలకు ఆగి, మందపాటి తొడుగు వేసుకుని, సప్రెసర్ వదులైందేమో తిప్పి చూడటం నేర్పాను. వేడికి మర సడలుతుంది. ఏఆర్ మీద పెట్టినప్పుడు వాయువు వెనక్కి తన్ని కళ్లు మండాయి, దగ్గారు. ఆ రైఫిలుకు వాయువును నేరుగా ముందుకు వదిలే రకం సప్రెసర్లు సరిపోతాయి, అవి ఖరీదైనవి. "దాన్ని అలా ఉంచేద్దాం లెండి" అని కప్పు పెట్టెలో పడేశారు. ఆ డెబ్బై డాలర్లు దండగే, నా లెక్కలో తప్పు.

.22 సప్రెసర్ అనుమతి కూడా వచ్చాక తీసుకున్నారు. మొదటి రోజే ఫోను: "టప్పుమంటూనే ఉందండీ." డబ్బా మీద వేగం ఎంతుందో చదవమన్నాను. సెకనుకు 1,250 అడుగులు. శబ్దం వేగం 1,125. సెకనుకు 1,070 అడుగుల స్టాండర్డ్ వెలాసిటీ తూటాలు కొనమన్నాను. మర్నాడు మళ్లీ ఫోను. ఈసారి బోల్టు వెనక్కి వచ్చే చప్పుడు తప్ప ఏమీ లేదట.

ఏప్రిల్‌లో ఒక ఆదివారం పొద్దున్నే పొలం నుంచి చేశారు. తెల్లవారుజామున నాలుగు పందులు వచ్చాయట, ఒకటి పడింది. ప్లగ్గులు పెట్టుకున్నారా అన్నాను. ఎడమ చెవికి పెట్టుకున్నారట, కుడి చెవి పందుల కోసం వదిలేశారట. సగం మాట విన్నారు. "ఇంతకుముందు కాల్చాక పది నిమిషాలు ఈ లోకంతో సంబంధం ఉండేది కాదండీ. ఈసారి మిగతా మూడూ మొక్కజొన్న మోళ్లు తొక్కుకుంటూ వాగు వైపు పరుగెత్తడం వినిపించింది."

కీచురాళ్లు తగ్గాయా అని అడిగాను. తగ్గలేదన్నారు.